కాపీ పట్టే సాఫ్ట్‌వేర్: ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. అసైన్‌మెంట్లలో కాపీ పట్టడానికి మా కాలేజీ కొన్న సాఫ్ట్‌వేర్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. కొత్తగా చేరిన లెక్చరర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అది చూపించే శాతం కాపీ శాతం కాదు. తన దగ్గరున్న వెబ్ పేజీలు, జర్నళ్లు, పాత అసైన్‌మెంట్లతో ఎంత కలిసిందో చెబుతుంది, అంతే. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది పెద్ద తప్పే చేశాను. ఒకమ్మాయికి 38 శాతం వచ్చింది. రిపోర్టు తెరవకుండానే సున్నా వేశాను. ఆ పిల్ల ఏడుస్తూ స్టాఫ్‌రూమ్‌కి వచ్చాక తెరిచి చూస్తే, రంగు పడినవన్నీ నేనిచ్చిన ప్రశ్న, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన పేరా, చివర పుస్తకాల జాబితా. అవి తీసేస్తే మిగిలింది 6 శాతం. మార్కులు సరిచేసి, క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. కొటేషన్లు, రిఫరెన్సులు వదిలేయమని సెట్టింగ్స్‌లో ముందే టిక్ పెట్టుకోండి.

యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ కాపీ మీద పెట్టిన 2018 నిబంధనలు కూడా వీటిని లెక్కలోంచి తీసేయమనే చెబుతున్నాయి. వాటి ప్రకారం 10 శాతం లోపు శిక్ష లేదు, 60 దాటితే ఆ కోర్సులో విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు. అయితే ఆ శ్లాబులు థీసిస్‌లకు పెట్టినవి. రెండు పేజీల అసైన్‌మెంట్‌కి వాటిని అంటగట్టొద్దు.

4 శాతం వచ్చిన పేపర్లనూ నమ్మలేం. ఒకబ్బాయి ఎక్కడిదో వ్యాసం తెచ్చి, మాటలు మార్చే టూల్‌లో వేశాడు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది. చదివిన ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది, సాఫ్ట్‌వేర్‌కి తెలియలేదు. తెలుగు గైడ్ చూసి ఇంగ్లీషులో రాసుకొచ్చిన పేపర్లదీ ఇదే కథ.

ఏఐ రాసిందో లేదో చెప్పే మీటర్‌ను నేను అసలు పట్టించుకోను. నా కళ్లముందే క్లాసులో చేత్తో రాసి, తర్వాత టైప్ చేసిచ్చిన పేపర్‌ను కూడా ఏఐ రాసిందనే చూపించింది.

ఇప్పుడు అనుమానం వస్తే పిల్లల్ని కూర్చోబెట్టి, “ఈ పేరాలో ఏం చెప్పావమ్మా?” అని అడుగుతాను. సొంతంగా రాసినవాళ్లు తడబడినా చెప్పగలరు. గూగుల్ డాక్స్‌లోనే రాయమంటున్నాను, వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఎంత రాశారో కనిపిస్తుంది. మొత్తం వ్యాసం ఒక్క నిమిషంలో వచ్చి పడితే కారణం అడుగుతాను. అన్నిటికంటే మేలు చేసింది ప్రశ్న మార్చడం. ‘పర్యావరణ పరిరక్షణ’ మానేసి, ‘మీ వీధిలో చెత్త ఎక్కడికి పోతోంది? ఇద్దరిని అడిగి రాయండి’ అని ఇచ్చాను. ఒకమ్మాయి చెత్త ఆటో నడిపే ఆయనతో మాట్లాడి, ఆయన లేచే టైముతో సహా రాసుకొచ్చింది. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది.

రేటింగ్ అడిగితే ఐదుకు మూడిస్తాను. ఒక సెక్షన్ పేపర్ ఇంకో సెక్షన్‌లో తేలితే క్షణాల్లో పట్టేస్తుంది. రెండు సెక్షన్లూ చూసే నాకు ఆ ఒక్క పని కోసమైనా అది కావాలి.