‘టికీ’: చాలాకాలం పిలిచి చూసిన పేరు

కుక్కపిల్లకు పేరు వెతికేటప్పుడు అందరూ ముద్దుగా ఉందా అనే చూస్తారు. ఆ పేరు పనికొస్తుందో లేదో తేలేది మాత్రం అది పెద్దదై, తెరిచిన గేటులోంచి రోడ్డు మీదికి దూకినప్పుడే. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా టికీ నల్లటి నాటు కుక్క, ఆడది. పిల్లగా తెచ్చిన రోజు పెట్టిన పేరే నేటికీ వాడుతున్నాం కాబట్టి, ఆ పేరు మంచిచెడ్డలు ధైర్యంగా చెప్పగలను.

‘రాజా’ అని పెడదామని మా అబ్బాయి పట్టుబట్టాడు. తెలుగులో ‘రా’ అని రమ్మంటాం, ఒడియాలో ‘జా’ అని పొమ్మంటారు. రెండు భాషలూ వినే పిల్లకు అలాంటి పేరు ఎందుకని నేనే ఒప్పుకోలేదు. రంగును బట్టి ‘కాళియా’ అన్నారు మరొకరు. ఇక్కడివారు జగన్నాథుణ్ణి ఆప్యాయంగా తలచుకునే పేరది. ఆ పేరుతో కుక్కను అదిలిస్తుంటే పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) మనసు నొచ్చుకుంటుందని మా అమ్మ వద్దంది. ఆ మాట ముమ్మాటికీ నిజం.

టికీలో నాకు నచ్చింది ధ్వని. ట, క గట్టిగా పలికే హల్లులు, చివరి ఈకారాన్ని ఎంత దూరానికైనా సాగదీయవచ్చు. వేటకుక్కలకు పిలవడానికి వీలుగా పొట్టి పేర్లే పెట్టమని గ్రీకు రచయిత జెనోఫోన్ రెండు వేల ఏళ్లకు ముందే రాశాడు. రెండక్షరాల పేరు వాడి చూశాక ఆ సలహా విలువ తెలిసింది. ఇంట్లో ఎవరి పేరుతోనూ, ‘వద్దు’, ‘కూర్చో’ లాంటి మాటలతోనూ ఇది కలవదు. మావుసీ పిలిచినా, కూరగాయల బండి అతను పిలిచినా ఒకేలా పలుకుతుంది. మా అమ్మ ‘టికమ్మా’ అంటుంది. మొదటి అక్షరాలు అవే కాబట్టి దానికీ పలుకుతుంది.

పేరు అలవాటు చేయడం కష్టం కాలేదు. పేరు పలకడం, తల తిప్పగానే ఉడికించిన గుడ్డు ముక్క నోటికందించడం, అంతే. తిట్టేటప్పుడు మాత్రం పేరెత్తకూడదని ఇంటిల్లిపాదికీ గట్టిగా చెప్పాను. స్నానానికీ, రేబీస్ టీకాకూ పేరు పెట్టి పిలవం, మేమే దగ్గరికి వెళ్లి తీసుకొస్తాం. పిలిస్తే మంచే జరుగుతుందన్న నమ్మకం దానిలో ఇన్నేళ్లూ చెక్కుచెదరలేదు.

ఇక లోపం. ఒడియాలో ‘కొంచెం’ అనడానికి టికే, టికియే అంటారు. మా వీధిలో ఆ మాట వినబడని గంట ఉండదు. మావుసీ పాలతనితో ‘టికియే రుహ’, అంటే కాస్త ఆగు, అనగానే ఇది నిద్రలోంచి లేచి, ప్రహరీ గోడకు ముందుకాళ్లు ఆనించి, తోక ఊపుతూ ఎదురుచూసేది. తననెవరూ పిలవలేదని తెలిశాక మెల్లగా కాళ్లు దించేది. చూస్తే జాలేసేది. అప్పటి నుంచి మేము చివరి ఈకారాన్ని పైస్థాయికి ఎత్తి, పొడవుగా పిలవడం మొదలుపెట్టాం. కొన్ని నెలలకు తేడా పట్టేసింది. ఇప్పుడు ‘టికియే’ వినబడితే ఒక చెవి మాత్రం కదులుతుంది, కళ్లు కూడా తెరవదు.

రద్దీలో ఎలా పనిచేస్తుందంటారా? చుట్టూ మాటల రొద పిలిచే గొంతుతో సమానంగా ఉన్నా కుక్కలు తమ పేరు గుర్తుపడతాయనీ, రొద అంతకు మించితే పట్టలేవనీ అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. మా అనుభవమూ అదే. బజారులో పిలిస్తే వెనుదిరిగి వస్తుంది. రథయాత్ర నాడు ఘంటలు, మేళాల మధ్య ఏ పేరైనా దండగే. ఆ రోజు గొలుసు తీయం.

ఆంధ్రలోని పాతపట్నం వైపు, తెలుగే వినిపించే వీధిలో ఉండేవారు నిశ్చింతగా ఈ పేరు పెట్టుకోవచ్చు. ఒడియా ఎక్కువగా మాట్లాడే ఇంటికైతే నేను వద్దనే అంటాను. రాయగడలో ఉండే మా తమ్ముడు తన కుక్కపిల్లకు పేరు అడిగితే, అదే ఊపుతో పలికే ‘డింకీ’ చెప్పాను.