స్టార్‌డ్యూ వ్యాలీలో మిరప తోట: నాలుగేళ్ల సేద్యం తర్వాత

ఆట క్యాలెండర్‌లో నాలుగేళ్లు, మన గడియారంలో నూరు గంటల పైమాటే. పొలం సాగు చేసుకునే ఈ వీడియో గేమ్ 2016లో వచ్చింది; గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. తెలుగు లేదు, ఇంగ్లీషుతోనే సర్దుకోవాలి.

గుంటూరు వాళ్లకు వేసవి ఒకటో తేదీన చూపు మిరప గింజల మీదే పడుతుంది. ఆటలోని ఊళ్లో పియర్ కొట్లో గింజ 40 గోల్డ్ (ఆటలో చెల్లే డబ్బు). ఐదు రోజులకు కాపు, ఆపైన మూడు రోజులకోసారి కోత. రుతువుకు 28 రోజులే కాబట్టి ఒకటినే నాటితే 6 నుంచి 27 దాకా ఎనిమిది కోతలు, కాయ 40 చొప్పున మొక్కకు 320. బ్లూబెర్రీ గింజ 80, తొలి కాపుకే 13 రోజులు; తర్వాత నాలుగు రోజులకోసారి మూడేసి పండ్లు, పండు 50, మొక్కకు 600. పచ్చి లెక్కలో మిరప ఓడిపోతుంది. కాకపోతే మొదటి ఏడు చేతిలో డబ్బాడక 13 రోజులు ఎదురుచూడలేం. సగం సగం వేసి, మిరప డబ్బుతో 2,000 పెట్టి సామాను మోసే సంచీని 24 గళ్లకు పెంచుకోవడం మేలు.

తమాషా ఏంటంటే, ఈ ఆటలో మిరపకాయ కూరగాయ కాదు, పండు! నిల్వ పదార్థాలు చేసే జాడీలో వేస్తే పచ్చడి రాదు, జెల్లీ వస్తుంది. పీపాలో వేస్తే మిరప వైన్. పండుమిర్చి పచ్చడి నంజుకునే నోటితో ఏం చెప్పాలి. లెక్క మాత్రం జాడీదే: జెల్లీ ధర కాయ ధరకు రెట్టింపు మీద 50, అంటే 130. వైన్ మూడు రెట్లు, అంటే 120, పైగా వారం పడుతుంది. జాడీ రెండు మూడు రోజుల్లో దించేస్తుంది. 50 లోపు ధర ఉన్న ఏ పండైనా జాడీకే. నక్షత్రం గుర్తున్న మేలురకం కాయ వేసినా జెల్లీ ధర పెరగదు. జాడీ తయారీకి కర్ర 50, రాయి 40, బొగ్గు 8. వ్యవసాయం నాలుగో లెవెల్లో చేతికొస్తుంది.

ధర రోజూ ఒకటే. వెయ్యి కాయలు ఒకేసారి అమ్మకం పెట్టెలో పోసినా తగ్గదు, కమీషన్ లేదు, కోల్డ్ స్టోరేజీ లేదు. మిర్చి యార్డు చూసినవాళ్లకు ఇదే అన్నిటికన్నా పెద్ద కల్పన.

నష్టం వచ్చేది తేదీ దగ్గర. వేసవి 17న బ్లూబెర్రీ నాటితే కాపు రాకముందే రుతువు మారి మొక్కలన్నీ ఎండిపోతాయి. మొక్కలు 15 దాటితే కాకులు దిగుతాయి, దిష్టిబొమ్మ ముందే పెట్టాలి. నీళ్ల డబ్బాను మెరుగుపరచమని కమ్మరి క్లింట్‌కు ఇస్తే రెండు రోజులు పడుతుంది; టీవీలో రేపు వాన అని చెప్పిన రోజు, తడి పెట్టేశాక ఇవ్వండి.

కంప్యూటర్‌లో ఆట సేవ్ అయ్యేది ఆటలో మన పాత్ర పడుకున్నప్పుడే. మే నెలలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు కరెంటు పోతే ఆ రోజు పనంతా పోతుంది. ఆటలో రోజంటే మన సుమారు 14 నిమిషాలే కాబట్టి మరీ అంత బాధ కాదు, గని అడుగున బంగారు ఖనిజం తవ్వుతుంటే తప్ప.

మిరపే కాదు, ఆటలో వరి కూడా ఉంది. వరి నారు వసంతం పంట. చెరువుకు మూడు గళ్ల లోపు నాటితే నీళ్లు పోయక్కర్లేదు, ఎనిమిదికి బదులు ఆరు రోజులకే కోత, అచ్చం కాలువ కింది పొలంలా. వడ్లు అలాగే అమ్మితే 30, మిల్లు పట్టిస్తే బియ్యం 100.