పులికాట్‌కి పక్షుల పండగప్పుడా, మామూలు రోజునా?

సంక్రాంతి రోజులొస్తే నెల్లూరు వాళ్లకు చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "ఫ్లెమింగో ఫెస్టివల్‌కి రమ్మంటారా, ఆ సందడి అయ్యాక రమ్మంటారా?" అని. పులికాట్ సరస్సు దగ్గర ఏటా జరిగే పక్షుల పండగ అది. సరస్సు పక్కనున్న సూళ్లూరుపేట, తడ 2022లో మా జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లినా అడిగేది మాత్రం మమ్మల్నే! పక్షులే కావాలంటే పండగకే రండి. కానీ ఈమధ్య చాలామంది సరస్సు మీద బతికే యానాది గిరిజనులను, చేపలు పట్టే పట్టపు కులం వాళ్లను చూడాలని అడుగుతున్నారు. అలాంటప్పుడు లెక్క మారుతుంది.

పండగలో అన్నీ అమర్చి ఉంటాయి. నేలపట్టులో గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, భీములవారిపాళెంలో పడవ షికారు, సూళ్లూరుపేటలో స్టాళ్లు, సాయంత్రం స్టేజీ ప్రోగ్రాంలు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు. సరస్సు మనుషులు మాత్రం పడవ నడిపే వాళ్లుగా తప్ప కనపడరు. పలకరిద్దామన్నా వెనక క్యూ తోసుకొస్తుంటుంది.

మామూలు రోజు వెళితే ఏర్పాట్లేవీ ఉండవు. ఉండేదల్లా వాళ్ల పని. యానాది ఆడవాళ్లు మొలలోతు నీళ్లలోకి దిగి, అడుగు బురదను రెండు చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు. వల ఉండదు, గాలం ఉండదు. వేళ్లకు తగిలింది రొయ్యో పీతో చూడకుండానే తెలిసిపోవాలి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటారు. గంటల తరబడి అలాగే. గట్టు మీద నిలబడి వాళ్లను ఫోన్‌లో వీడియో తీసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తడిబట్టలతో పనిలో ఉన్న మన ఇంటి ఆడవాళ్లనైతే అలా తీయనిస్తామా?

అందుకే నా వరకు తేల్చేది ఒక్కటే: అక్కడ మీకు పనేమిటి? వాళ్ల కాలనీలోకి ఊరికే నడిచి వెళ్లి గుమ్మాల్లోకి తొంగి చూడటం మర్యాద కాదు. కొనడానికి వెళితే అది వేరే సంగతి. పొద్దున్నే రేవు దగ్గర నిలబడి "అక్కా, రొయ్యలు ఎట్లా ఇస్తున్నావు?" అంటే మాట దానంతటదే కలుస్తుంది. పెద్ద పీతలు ఎలాగూ ఏజెంట్ల చేతికే పోతాయి, మనకు మిగిలేది చిన్న సరుకు. బేరం మరీ లాగకండి. పిల్లల చేతిలో నోట్లు, చాక్లెట్లు పెట్టకండి. పెద్దవాళ్లు కూర్చోమంటే కూర్చోండి. మాటల్లో శ్రీహరికోట వస్తుంది. మనకు అది రాకెట్ల ఊరు. 1971లో అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగరకముందు ఆ అడవి యానాదులది. రాకెట్ కేంద్రం కోసం ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదిలి బయటికి రావాల్సి వచ్చింది. ఇవి స్టేజీ మీద వినపడే మాటలు కావు.

సరస్సులోని ఇరకం దీవికి వెళ్లాలనుకుంటే అక్కడి జనం ఎక్కే పడవలోనే ఎక్కండి. వంతెన లేని ఊరు కాబట్టి బియ్యం మూటలు, గ్యాస్ బండ అన్నీ పడవ మీదే రావాలి. దీవి బతుకు సగం ఆ పడవలోనే అర్థమైపోతుంది. ఎక్కేముందు తిరుగు పడవ ఎన్నింటికో కనుక్కోండి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద కారు ఆపి ఫొటోలు దిగి వెనక్కి రావడం కూడా ఒక పద్ధతే. ఎర్రకాళ్ల రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. తమిళనాడు వైపున్న పళవేర్కాడు (పులికాట్ ఊరు) పాత డచ్చి వాళ్ల సమాధులంటే ఇష్టమున్న వాళ్లకు.

ఎప్పుడంటారా? ఈశాన్య వానలకు కాళంగి, స్వర్ణముఖి నీళ్లు చేరి సరస్సు నిండి ఉంటుంది కాబట్టి పండగ దాటాక ఫిబ్రవరిలో, ఆదివారం కాని రోజు. ఎండలు ముదిరితే మనవైపు చాలా మేర బీటలు వారిన నేలే. సముద్రం నుంచి సరస్సులోకి రొయ్యలు వచ్చే దారి, రాయదొరువు దగ్గరి ముఖద్వారం, ఇసుకతో పూడుకుపోతోందని జాలర్లు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. మీరు కొనే రొయ్యల ధర ఎందుకు పెరిగిందని అడిగితే, వాళ్లు ముందు చెప్పేది ఆ పూడిక గురించే.