నెలకి 99 రూపాయల హోస్టింగ్: పలాస జీడిపప్పు కొట్టు నుంచి ఒక నక్షత్రం

ఐదు నక్షత్రాలకి ఒక్కటి ఇస్తున్నాను. అది కూడా రాత్రి షిఫ్టులో చాట్‌లోకి వచ్చిన ఒక కుర్రాడికి, హోస్టింగ్ కంపెనీకి, అంటే మా సైటుకి తన సర్వర్‌లో చోటు అద్దెకిచ్చినవాళ్ళకి, సున్నా. పేరు రాయను. ఇదే సరుకుని ఇవే మాటలతో అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, గుర్తులు చెప్తే మీకే తెలిసిపోతుంది.

మాది పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో చిన్న వ్యాపారం. పిక్కలు కాల్చి, కొట్టి, పొట్టు తీసేది వేరేవాళ్ళు. మేము పప్పు ఏరించి, రకాలు వేరుచేసి, ప్యాక్ చేసి అమ్ముతాం. మావగారి హయాంలో అంతా ఫోను మీదే నడిచేది. నేను కోడలిగా వచ్చాక సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద ఆన్‌లైన్ కొట్టు నడిపే వూకామర్స్ వేసి సైటు కట్టాను. కొనేది ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో స్థిరపడ్డ మన ఉద్దానం, టెక్కలి, సోంపేట వాళ్ళే. డబ్ల్యూ 240 అనే పెద్ద గుండు పప్పు ఒక కేజీ, పాయసానికి బద్ద అరకేజీ, అలా ఉంటాయి ఆర్డర్లు. దసరా ముందు మొదలైతే దీపావళి దాకా ఊపిరాడదు. మిగతా ఏడాది ఎలా ఉన్నా ఆ రోజుల్లో సైటు నిలబడాలి. హోస్టింగ్‌తో నాకున్న పనల్లా అదే.

నెలకి 99 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ రేటు మూడేళ్ళ డబ్బు ఒకేసారి కడితేనే. పైన 18 శాతం జీఎస్టీ. స్పేస్ అన్‌లిమిటెడ్, బ్యాండ్‌విడ్త్ అన్‌లిమిటెడ్ అని రాశారు. షరతుల పేజీ అడుక్కి వెళ్తే ఫైళ్ళ సంఖ్యకి పరిమితి ఉంది, దాన్ని ఐనోడ్స్ అంటారు. ప్రతి ఫైలూ, ప్రతి ఫోల్డరూ, ప్రతి మెయిలూ ఒక్కొక్కటి కింద లెక్క. ఒక ప్యాకెట్ ఫొటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని రకరకాల సైజుల్లో కత్తిరించి అన్నీ విడివిడిగా దాచుకుంటుంది. జీబీలు ఖాళీగా ఉండగానే ఫైళ్ళ లెక్క నిండిపోతుంది. నిండిన అకౌంటుకి వాళ్ళు బ్యాకప్ తీయరట, అదీ ఆ పేజీలోనే ఉంది.

మామూలు రోజుల్లో పర్లేదు, ఉన్నమాట చెప్పాలి కదా. సీప్యానెల్, అంటే అకౌంటు పనులన్నీ ఒకేచోట చేసుకునే పేజీ ఇచ్చారు కాబట్టి పని సులువుగానే ఉండేది. దసరా వచ్చేసరికి అసలు రంగు బయటపడింది.

తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలతో 508, దాని కింద 'రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్‌డ్'. సాయంత్రం ఏడు దాటాక, ఆఫీసుల నుంచి ఇళ్ళకొచ్చి జనం ఆర్డర్లు పెట్టే వేళకి సరిగ్గా ఇదే. మావగారు కౌంటర్ దగ్గర నుంచే అడిగేవారు, "ఏటమ్మా, మళ్ళీ పడిపోనాదా?" అని.

చాట్‌లో అడిగితే ప్రతిసారీ ఒకటే జవాబు. "మేడం, మా వైపు ఓపెన్ అవుతోంది. మీ బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడండి." అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు తుడిచేయమని. స్క్రీన్‌షాట్ కూడా పంపేవాళ్ళు, మా హోమ్‌పేజీ చక్కగా కనిపిస్తూ. ఈ ముక్క నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. హోమ్‌పేజీ ముందే తయారుచేసి పెట్టిన కాపీ, ఎంతమందికైనా అదే చూపిస్తుంది, సర్వర్‌కి పెద్ద పనుండదు. కార్ట్, చెకౌట్ పేజీలు అలా కుదరవు. ఎవరి బుట్టలో ఏముందో వాళ్ళకే చూపించాలి, కాబట్టి ప్రతి క్లిక్‌కీ పేజీని తయారుచేసే ప్రోగ్రాం, అదే పీహెచ్‌పీ, మొదట్నుంచీ నడవాలి. ఒకేసారి ఇన్నే నడవాలని మా ప్లాన్‌కి గీత గీశారు. సీప్యానెల్‌లో దాని పేరు ఎంట్రీ ప్రాసెసెస్. గీత దాటినవాడికి 508. అంటే కొట్టు తలుపు తెరిచే ఉంది, వచ్చినవాళ్ళు సరుకు చూస్తున్నారు, డబ్బు కట్టే చోటే కుప్పకూలుతోంది. బయట నుంచి చూసేవాడికి అంతా బానే ఉంది.

అసలు నష్టం దాని తర్వాతది. కస్టమరు యూపీఐ యాప్‌లోకి వెళ్ళి డబ్బు కట్టేస్తారు. మధ్యలో డబ్బు అందుకునే పేమెంట్ గేట్‌వే ఆ కబురు మా సైటుకి చెప్పాలి. చెప్పబోయేసరికి సైటు 508. ఆర్డరేమో 'పెండింగ్ పేమెంట్' అని అక్కడే ఉండిపోతుంది. డబ్బు రాలేదనుకుని వూకామర్స్ దాన్ని గంట తర్వాత తనంతట తనే క్యాన్సిల్ చేసేస్తుంది. స్టాకు పట్టి ఉంచే గడువు మామూలుగా 60 నిమిషాలు. డబ్బు మా ఖాతా దారిలో, ఆర్డరు చెత్తబుట్టలో. ఒక వైపు గేట్‌వే లిస్టు, ఇంకో వైపు క్యాన్సిలైన ఆర్డర్లు పెట్టుకుని ఫోన్ నంబర్లు చూసి జతలు కలుపుతూ కూర్చునేదాన్ని. మియాపూర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "డబ్బులు కట్ అయిపోయాయమ్మా, ఆర్డరు క్యాన్సిల్ అంటోంది. మీరు నిజంగా పలాసేనా?" అన్నారు. ఆవిడ మాటలో తప్పేం లేదు. ఆన్‌లైన్‌లో పలాస పేరు పెట్టుకుని ఎక్కడెక్కడి పప్పో అమ్మేవాళ్ళు ఉన్నారు.

ఆలస్యాన్ని జనం క్షమిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పక్కనే ఒడ్డెక్కింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మావగారు ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ దొరికినప్పుడల్లా చేసి, "పప్పు ఆలస్యమవుద్ది బాబూ" అని చెప్పారు. ఒక్కరూ గొడవపడలేదు. సర్వర్లు నడుస్తున్నాయో లేదో చూపే ఈ కంపెనీ స్టేటస్ పేజీ మాత్రం మా సైటు పడ్డ ప్రతి సాయంత్రమూ పచ్చగానే ఉంది. 'ఆల్ సిస్టమ్స్ ఆపరేషనల్'. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఐదు నిమిషాలకోసారి సైటుని తట్టి చూసే ఉచిత సర్వీసులు ఉంటాయి, అలాంటిది ఒకటి పెట్టాను. హోమ్‌పేజీ ఇస్తే అదీ పచ్చగానే చూపిస్తుంది కాబట్టి కార్ట్ పేజీ అడ్రస్ ఇచ్చాను. ఇక చూడండి, సాయంత్రాలన్నీ ఎరుపే. వాళ్ళు హామీ ఇచ్చింది 99.9 శాతం అప్‌టైమ్, అంటే పడిపోకుండా నడిచే సమయం. నెలకి లెక్కేస్తే 43 నిమిషాలు పడిపోవచ్చన్నమాట. పండగ వారంలో ఒక్క సాయంత్రానికే అది ఖర్చయిపోయింది. ఆ రికార్డంతా సపోర్ట్ టికెట్‌కి, అంటే రాతపూర్వక ఫిర్యాదుకి జతచేసి పంపాను. వచ్చిన జవాబు ఏమిటంటే, హామీ నెట్‌వర్క్‌కి వర్తిస్తుంది, మీ ప్లాన్ పరిమితి దాటితే వర్తించదు, దయచేసి పెద్ద ప్లాన్‌కి మారండి. కింద కొనుగోలు లింకు. టికెట్ క్లోజ్డ్.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. ఒక అర్ధరాత్రి చాట్‌లో ఇంగ్లీషులో వాదించి విసుగొచ్చి, మా ఆయనకి పంపాల్సిన తెలుగు తిట్టు ఒకటి పొరపాటున ఆ పెట్టెలోనే పడింది. అటు నుంచి తెలుగులో జవాబు. "మేడం, ఏ ఊరు మీది?" కాశీబుగ్గ అన్నాను. "మాది రాజాం" అన్నాడు. ఆ తర్వాత నిజం చెప్పాడు. "ఆ సర్వర్ మీద చాలా సైట్లు ఎక్కించేశారు మేడం. పండగప్పుడు జనరల్ బోగీ లాంటిది, టికెట్ ఉంటుంది, కాలు పెట్టడానికి చోటుండదు. టికెట్‌లో సర్వర్ మార్చమని అడగండి, 'మైగ్రేట్ టు అనదర్ నోడ్' అని ఇదే ముక్క రాయండి." రాశాను, మార్చారు. ఆ దీపావళి దాని పుణ్యాన గట్టెక్కాం. నెలలుగా పైవాళ్ళు చెప్పని మాట చెప్పినందుకే ఆ నక్షత్రం.

కొత్త సర్వర్‌లో మళ్ళీ ఇంకో తలనొప్పి. మా ఆర్డర్ మెయిళ్ళన్నీ కస్టమర్ల స్పామ్‌లోకి పోయేవి. షేర్డ్ హోస్టింగ్‌లో ఐపీ అడ్రస్ ఒక్కటే, వాడుకునేవాళ్ళు ఎందరో. పక్కవాడు ఎవడో చెత్త మెయిళ్ళు కొడితే మచ్చ అందరికీ. మెయిలు వేరే సర్వీసుకి మార్చి, మెయిలు నిజంగా మా దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టాక సర్దుకుంది.

రెన్యువల్‌కి రేటు నాలుగింతలు. ఆటోపే పెట్టి ఉంది కాబట్టి నోరెత్తకుండా లాగేసుకునేవాళ్ళే, కానీ ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మనకి మెసేజ్ రావాలి. బ్యాంకు నుంచి ఆ మెసేజ్ వచ్చింది, ఆ రాత్రే మ్యాండేట్ రద్దు చేసి, వెళ్ళిపోతున్నామని వాళ్ళకి రాశాను.

వెళ్ళనిస్తే కదా! డొమైన్, అంటే సైటు పేరు కూడా వాళ్ళ దగ్గరే కొన్నాం. మాది డాట్ కామ్. బయటికి తీసుకెళ్ళాలంటే లాక్ తీయించుకుని, ఆథ్ కోడ్ అనే పాస్‌వర్డ్ లాంటిది తీసుకోవాలి. అడిగితే ముందు డిస్కౌంట్ అన్నారు, తర్వాత మా మేనేజర్ ఫోన్ చేస్తారన్నారు, ఆ తర్వాత చప్పుడు లేదు. డాట్ కామ్‌లకి పైనున్న సంస్థ ఐక్యాన్ (ICANN). అడిగిన ఐదు రోజుల్లో రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన కంపెనీ, కోడ్ ఇచ్చి తీరాలని దాని నియమం, ఇవ్వకపోతే ఫిర్యాదు చేసుకునే ఫారం కూడా వాళ్ళ సైట్లో ఉంది. ఆ నియమం లింకు పెట్టి రెండు వాక్యాల మెయిల్ కొట్టాను. తెల్లారేసరికి కోడ్ వచ్చింది. డొమైన్ మావగారి పేరు మీద ఉండబట్టి ఇంత తేలిగ్గా అయింది. సైటు కట్టించిన డెవలపర్ పేరు మీదో, కంపెనీ పేరు మీదో ఉన్నవాళ్ళ పాట్లు నేను చూశాను.

బ్యాకప్ వాళ్ళని అడగలేదు. ఫైళ్ళూ డేటాబేసూ నేనే దించుకుని ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి పెట్టుకున్నాను. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు సైటూ బ్యాకప్పూ అక్కడే పెట్టుకున్నవాళ్ళకి రెండూ పోయాయి. వాళ్ళు మనకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు.

ఇప్పుడున్నది ముంబై సర్వర్, ఖరీదు ఎక్కువే. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట, మెయిల్ వేరే. కొనేముందు వాళ్ళ సపోర్ట్‌ని "ఎంట్రీ ప్రాసెసెస్ ఎన్ని ఇస్తారు?" అని ఒక్క ప్రశ్న అడిగాను. సంఖ్య చెప్పారు. పాతవాళ్ళు ఇదే ప్రశ్నకి ఆఫర్ల బ్రోషర్ పంపారు.

ఇక డబ్బు సంగతి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్‌కి, అంటే సైటులో నింపే వివరాలు దారిలో ఎవరూ చదవకుండా కాపాడే సర్టిఫికెట్‌కి, పాతవాళ్ళు మా దగ్గర ఏటా డబ్బు తీసుకున్నారు. దాని మీద, ఆ టికెట్ల మీద కలిపి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. ఎస్‌ఎస్‌ఎల్ డబ్బు ఖాతాలో పడింది. హోస్టింగ్‌కి కట్టినదాంట్లో వెనక్కి రావాల్సిన డబ్బు మాత్రం వాళ్ళ వాలెట్‌లో వేశారట. ఆ వాలెట్‌తో కొనగలిగింది ఒక్కటే, వాళ్ళ హోస్టింగ్.