ఎక్స్‌టీ60 కనెక్టర్లకు 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్: దీర్ఘకాల వాడకం తర్వాత

విజయనగరం గంటస్తంభం దగ్గరి దుకాణంలో కొన్న, ఉష్ణోగ్రత మార్చుకునే వీలున్న 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను కొన్నేళ్లుగా రిమోట్ విమానాల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలకు ఎక్స్‌టీ60 అనే రెండు పిన్నుల కరెంటు కనెక్టర్లు అతకడానికే ఎక్కువగా వాడుతున్నాను. పనిముట్టు మంచిదే కానీ, దానితోపాటు వచ్చిన సన్నని మొన టిప్ ఈ పనికి పనికిరాదు.

అతుకుకు కరిగించే లోహమైన సోల్డర్‌లో లెడ్ కలిసిన 60/40 రకం 190 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది కనుక వేడి చాలదనే ప్రశ్నే లేదు. అయితే మందపాటి 12 గేజి రాగి తీగ తాకగానే సన్నని మొనలోని వేడినంతా లాగేసుకుంటుంది. డయల్‌ను 450కి తిప్పినా మొన నల్లబడుతుందే తప్ప అతుకు కుదరదు. పిండి పోసినా చల్లారని మందపాటి దోసె పెనంలా, వెడల్పాటి ఉలి ఆకారపు టిప్ 370 డిగ్రీల దగ్గరే పని ముగిస్తుంది. తీగకూ, తీగ కూర్చునే కనెక్టర్ గిన్నెకూ ముందుగా విడివిడిగా సోల్డర్ పట్టించి, ఆపైన రెండింటినీ కలిపి వేడిచేస్తే సోల్డర్ తీగ పోగుల మధ్యకు ఇంకుతుంది. అలా ఇంకకుండా పైపైన ముద్దకట్టిన అతుకు చూపుకు గట్టిగానే ఉన్నా, మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడు వేడెక్కుతుంది.

ఎక్స్‌టీ60 బాడీ నైలాన్‌ది కావడంతో ఎక్కువసేపు వేడి తగిలితే పిన్నులు పక్కకు ఒరుగుతాయి. అతికేటప్పుడు జత కనెక్టర్‌ను దానికి బిగించి ఉంచితే పిన్నులు కదలవు, కొంత వేడిని కూడా అది తీసుకుంటుంది. వేడికి ముడుచుకుని అతుకును కప్పే ష్రింక్ స్లీవ్‌ను ముందే తీగకు తొడగాలన్నది వేరే చెప్పనక్కరలేదు. బ్యాటరీ వైపు తీగలను మాత్రం ఒక్కొక్కటిగానే కత్తిరించాలి. రెండో దానికి టేపు చుట్టి ఉంచాలి, ఎందుకంటే రెండు కొసలూ తగిలితే లైపో నిప్పులు కక్కుతుంది.

సోల్డర్ పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే ఫ్లక్స్ విషయంలో నేను రాజీపడను. రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ తీగను ఇట్టే అతికిస్తుంది గానీ, మన తీరప్రాంతపు తేమలో దాని మడ్డి రాగిని పచ్చగా తినేస్తుంది. చెట్టు బంకతో చేసే రోజిన్ ఫ్లక్సే సరైనది. ఐరన్ ఆపే ముందు టిప్‌కు కాస్త సోల్డర్ పూసి వదిలితే అదే తేమ నుంచి టిప్ కూడా బతుకుతుంది.

ఇంకా మందమైన 10 గేజి తీగలతో, పెద్దవైన ఎక్స్‌టీ90 కనెక్టర్లు తరచుగా అతికేవారికి దీన్ని సిఫారసు చేయను. వారు 80 వాట్లకు పైబడినది చూసుకోవడం మేలు.