తిరుపతిలో మా లేఅవుట్: ఇన్నేళ్ళున్నాక ఆ వంక గురించే చెప్పాలి

ఇక్కడ ఇల్లు కొనొచ్చా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా. మేం 2017లో వచ్చాం. గేటు, పార్కు, రోడ్ల వెడల్పు మీరు వచ్చి చూసుకుంటే తెలిసిపోతాయి, వాటి జోలికి పోను. నాకు ఈ చోటు ఇంతగా నచ్చడానికి కారణం మధ్యలో పోయే వంక. ఎగువన చెరువు నిండి మరవ (అలుగు) పోతే ఆ నీళ్ళు స్వర్ణముఖి వైపు పోయే పాత దారి అది. లేఅవుట్ వేసినాయన దాన్ని పూడ్చి ఇంకో నాలుగు ప్లాట్లు అమ్ముకోవచ్చు, కానీ రెండు పక్కలా రాతికట్టు కట్టించి పైన తెరిచే వదిలేశాడు. ఆ ఒక్క పనికి ఆయనకు చేతులెత్తి దండం పెడతా.

దాని విలువ తెలిసింది 2021 నవంబర్‌లో. మనకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే శేషాచలం మీద కురిసిందంతా చూస్తుండగానే ఊళ్ళోకి దిగుతుంది. 18వ తేదీ సాయంత్రానికే ఘాట్ రోడ్డు మీద చరియలు పడుతున్నాయని ఫోన్లు. సరిగ్గా కార్తీక పౌర్ణమి సమయం, వంక గట్టు మీద దీపాలు పెట్టాల్సిన ఆడవాళ్ళు గొడుగులేసుకుని అదే గట్టు మీద నీటి మట్టం చూస్తూ నిలబడ్డారు. కరెంటు లేదు. ఎదురింటి అక్క టార్చి వేసి రాతికట్టు వరసలు లెక్కపెడుతూ "అన్నా, ఇంక రెండు రాళ్ళే ఉంది" అని కేక వేస్తోంది. నీళ్ళు ఎర్రగా, అరటి బోదెలూ డ్రమ్ములూ మోసుకుని వస్తున్నాయి. వంక మా లేఅవుట్ దాటేచోట రోడ్డు కింద మోరీ ఉంది, దానికి ఇనుప జాలీ. ఆ జాలీకి ముళ్ళకంప అడ్డం పడింది. పొద్దుపోయేదాకా గడ్డపారలూ కొక్కేలూ పట్టుకుని మగవాళ్ళం వంతులవారీగా లాగుతూనే ఉన్నాం. కంప ఒక్కోటి ఊడి వచ్చినప్పుడల్లా నీళ్ళు గుబుక్కుమని కిందికి లాగేవి, అక్క గొంతు "ఒక రాయి తగ్గింది" అనేది. ఆ మాట విన్నప్పుడు కలిగిన ధైర్యం ఇప్పటికీ గుర్తుంది.

తెల్లారి చూస్తే మా రోడ్ల మీద బురద తప్ప ఏమీ లేదు. పక్క లేఅవుట్‌లో వంకను పైపుల్లోకి తోసి పైన ఇళ్ళు కట్టారు, అక్కడ కార్లు సీట్ల దాకా మునిగాయి. మూడు కుటుంబాలు మా మిద్దె మీదికి వచ్చి ఉన్నాయి.

ఆ వారంలోనే ఎంఆర్ పల్లి దగ్గర శ్రీకృష్ణానగర్‌లో నేలలో ఉన్న సంపు అమాంతం పైకి లేచిన వీడియో అందరూ చూసే ఉంటారు. సంపు ఖాళీగా ఉండి చుట్టూ నేల నీళ్ళతో నానిపోతే అది తేలుతుంది. అప్పటి నుంచి మా ఇళ్ళల్లో వానలు మొదలు కాగానే సంపులు నింపి పెట్టుకుంటాం. ఇక్కడ ఇల్లు కొన్నా కొనకపోయినా మీరూ పెట్టుకోండి.

అప్పట్లో అడిగిన ప్రతివాళ్ళకీ మా దగ్గర నీళ్ళు నిలవవు అని చెప్పేవాడిని. ఇప్పుడు మొదటి మూడు వీధుల వరకే అలా చెప్పగలను. చివరి వీధిలో కొందరు కార్లు పెట్టుకోవడానికి వంక మీద సిమెంటు పలకలు వేసుకున్నారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు చెత్తంతా ఆ పలకల కింద ఇరుక్కుంది. కప్పేసిన చోట గడ్డపార ఎక్కడ దించాలి? నీళ్ళు వెనక్కి తన్ని ఆ వీధిలో మోకాలి దాకా వచ్చాయి. పలకలు వేయనివాళ్ళ ఇళ్ళూ మునిగాయి, అదే నాకు కడుపు మంట.

ఇంకొన్ని చెప్పాలి. ఎండాకాలంలో వంక గుంటల్లో నీళ్ళు నిలిచి దోమలు. దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదిలాం, కొంత నయం, గుంట ఎండితే అవీ పోతాయి. మే నెల చివర ట్యాంకర్ తప్పదు. తిరుచానూరు పంచమీ తీర్థం రోజు స్నానాలకొచ్చే జనంతో రోడ్లు కిక్కిరిసిపోతాయి, బయటికి వెళ్ళే పని పెట్టుకోకండి. గంగమ్మ జాతర రోజుల్లో మాత్రం గేటు దగ్గర అంబలి పోస్తారు, అప్పుడు అద్దెకున్నవాళ్ళూ సొంతిళ్ళవాళ్ళూ అని తేడా ఉండదు, ఆ వారం నాకు చాలా ఇష్టం.

మాది రెండో వీధి, గట్టు కంటే ఎత్తు, పైగా రిటైరయ్యాను కాబట్టి వాన రాత్రి జాలీ దగ్గర నిలబడే ఓపిక, తీరిక రెండూ ఉన్నాయి. షిఫ్టుల ఉద్యోగం చేసేవాళ్ళకి ఇది కుదురుతుందో లేదో మీరే చూసుకోండి. చూడ్డానికి వచ్చేవాళ్ళు మేలో కాదు, నవంబర్‌లో నాలుగు రోజులు ముసురు పట్టాక రండి. వచ్చే మీటింగులో పలకలు తీయించాలని తీర్మానం పెడుతున్నాం. అది నెగ్గితే చివరి వీధిలో కూడా కొనమని చెప్తా, అప్పటిదాకా అక్కడ అద్దెకైతే సరే.