సర్వీసులను వరుసగా ఆపడంలో సిస్టమ్‌డీ: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

సర్వర్‌లో ఏ సర్వీసు (వెనుక నడుస్తూ ఉండే ప్రోగ్రాము) ముందు మొదలవ్వాలో అందరూ పట్టించుకుంటారు. ఏది ముందు ఆగాలో అడిగేవాళ్లు తక్కువ. చేతిలో ఉన్న పని గల్లంతయ్యేది మాత్రం ఆగే ఆ కొద్ది క్షణాల్లోనే. లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి, ఆపే ప్రోగ్రామే సిస్టమ్‌డీ. డెబియన్ అనే లినక్స్ పంపిణీ 8వ వెర్షన్‌తో 2015లో అది డిఫాల్ట్‌గా వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను. ఈ ఒక్క విషయంలో దానికి మంచి మార్కులే వేస్తాను.

కారణం ఒకే నియమం. ఒక సర్వీసు యూనిట్ ఫైలులో (దాని అమరికలుండే ఫైలు) ‘ఆఫ్టర్’ అని మరో సర్వీసు పేరు రాస్తే, మొదటిది ఆ రెండోదాని తర్వాత మొదలవుతుంది, దానికంటే ముందు ఆగుతుంది. యాప్ ఫైలులో ‘ఆఫ్టర్’ ఎదురుగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పేరు ఉందనుకోండి. రీబూట్ చేయగానే ముందు యాప్‌కు సిగ్‌టర్మ్, అంటే ఆగమని కోరే సంకేతం, అందుతుంది. సరిగ్గా రాసిన యాప్ అయితే చేతిలోని లావాదేవీ ముగించుకుని తప్పుకుంటుంది. ఆ తర్వాతే డేటాబేస్ వంతు. ఆ వరుస లేకపోతే రెండూ ఒకేసారి ఆగడం మొదలై, కనెక్షన్లు తెగి, సగంలో ఉన్న లావాదేవీలు రద్దవుతాయి. ఈ సర్వీసుకు ఆ సర్వీసు కావాలని చెప్పే ‘రిక్వైర్స్’ రాశాం కదా అని ఊరుకోవద్దు. అది అవసరాన్ని చెబుతుందే తప్ప వరుసను చెప్పదు.

వరుసలో నెట్‌వర్క్ స్థానాన్ని సూచించే గుర్తు ‘నెట్‌వర్క్ టార్గెట్’. దాని అసలు ప్రయోజనం కూడా ఆపే వేళే తెలుస్తుంది. దాని తర్వాత అని రాసిన సర్వీసులన్నీ నెట్‌వర్క్ ఉండగానే ఆగుతాయి.

గడువు సంగతి. ఆగమన్నా ఆగని సర్వీసు కోసం సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి సిగ్‌కిల్, అంటే బలవంతంగా ఆపే సంకేతం, పంపుతుంది. ఏదో ఒక సర్వీసు మొండికేస్తోందని మొత్తం సిస్టమ్ గడువును తగ్గించే సలహా తరచూ వినిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. పెద్ద డేటాబేస్ తన మెమరీలోని మార్పులను డిస్కుకు చేర్చడానికి నిమిషాలు పట్టవచ్చు. మొండి సర్వీసుకు విడిగా తగ్గించండి, డేటాబేస్‌కు విడిగా పెంచండి.

లోటు ఒకటుంది: మొదలయ్యే వరుసకు భిన్నంగా ఆగే వరుసను నేరుగా చెప్పలేం. నేనైతే ఆపేటప్పుడు మాత్రమే పని చేసే చిన్న వన్‌షాట్ (ఒక్కసారి ఆదేశం నడిపి ముగిసే) యూనిట్ రాస్తాను. దాన్ని మిగతా సర్వీసుల తర్వాత మొదలయ్యేలా పెడితే, ఆగేటప్పుడు అన్నిటికంటే ముందు దాని ఆదేశం నడుస్తుంది. క్యూలో మిగిలిన పనులను ఖాళీ చేయించడానికి ఇదే వాడుతున్నాను.

మార్పు చేసిన ప్రతిసారీ రీబూట్ చేసి, జర్నల్‌లో (సిస్టమ్‌డీ రాసే చిట్టా) గత బూట్ చివరి పంక్తులు చదవండి. జర్నల్ డిస్కు మీద నిలవ ఉండేలా అమరిక ఉంటేనే అవి దొరుకుతాయి.